ఎర్ర ప్యాకెట్టు, తెల్ల డబ్బా

3, సోమవారం

మా ఆవిడ స్టూలు మీంచి పడింది. ఎడమ కాలు చీలమండ దగ్గర విరిగింది. రేపు ఆపరేషన్.

పొద్దున నేను గడ్డం గీసుకుంటుంటే వంటింట్లో ధబ్బుమని చప్పుడైంది. అమ్మ తన గదిలోంచి "ఏం పడిందిరా?" అని అడిగింది. ఏ గిన్నో జారిందనుకుని "ఏం లేదులే" అన్నాను. తీరా వెళ్ళి చూస్తే ఆవిడ నేల మీద కూర్చుని, రెండు చేతులతో కాలు పట్టుకుని, పళ్ళు బిగించి నా వైపే చూస్తోంది. పాదం ఉండాల్సిన వైపు లేదు. సగం మొహానికి సబ్బు నురగతోనే అంబులెన్సు ఎక్కేశాను. ఆసుపత్రిలో నర్సు టవలు తెచ్చి ఇచ్చేదాకా ఆ సంగతే నాకు తెలియదు.

స్ట్రెచర్ మీద పడుకుని ఆవిడ నాతో అన్న మొదటి మాట ఇది: "అటక మీద ఏమీ కదపకండి. నేనొచ్చాక సర్దుకుంటాను."

అంత నొప్పిలో అటక గోలేమిటో నాకు అర్థం కాలేదు.

4, మంగళవారం

ఆపరేషన్ అయింది. రాడ్ వేశారు. బాగానే ఉందన్నారు. రోజంతా మంచినీళ్ళు కూడా తాగలేదని సాయంత్రం గుర్తొచ్చింది.

5, బుధవారం

ఆవిడ నిద్రపోతోంది కదా అని ఆఫీసుకు వెళ్ళాను. వెళ్ళకుండా ఉంటే బాగుండేది.

కొత్త ఎండీ అందరినీ కూర్చోబెట్టి గోడ మీద బొమ్మలు వేశాడు. మా కిరాణా షాపుల కంపెనీ పెట్టిన పెద్దాయనకు మనవడు ఇతను. మనిషి మంచివాడే, కాకపోతే గుక్కెడు నీళ్ళు తాగాలన్నా ముందు ఒక స్లైడు వేస్తాడు. ఈసారి స్లైడు మీద నా టీ. తెల్ల ప్యాకెట్టు టీలో మంచి ఆకు తగ్గించి, చవక పొడి పెంచి కొత్త మిశ్రమం చేశారట. ప్యాకెట్టు అదే, పేరు అదే, లోపల సరుకు మాత్రం వేరు.

"కస్టమర్‌కి తేడా తెలియదు అంకుల్" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. షాపు సొంత పేరుతో సరుకు అమ్మడమనే మాటే ఎవరూ ఎరగని రోజుల్లో మొదలుపెట్టాను నేను. పేరున్న కంపెనీలవాళ్ళు "మీకు మా సరుకు పంపం, ఏం చేసుకుంటారో చేసుకోండి" అని బెదిరించారు. జనం ప్యాకెట్టు అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వుకుని, మళ్ళీ అక్కడే పెట్టేసేవాళ్ళు. రంగులు అచ్చు వేయించే స్తోమత లేక తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలు కొట్టించాం. ముందు ఉప్పు, తర్వాత అగ్గిపెట్టెలు, సబ్బులు, బిస్కెట్లు, చివరికి టీ. నా అసలు పేరు పోయి 'తెల్ల ప్యాకెట్టాయన' మిగిలింది. పేరున్న కంపెనీవాళ్ళ ఎర్ర ప్యాకెట్టు టీ కొనలేనివాళ్ళు కూడా పొద్దున్నే అలాంటి టీయే తాగాలని నా పట్టుదల. ధర తక్కువైతే ఫరవాలేదు, టీ తక్కువ కాకూడదు. అందుకే మొదటినుంచీ ఎర్ర ప్యాకెట్టు రుచినే పట్టుకోవాలని చూశాం, పట్టుకున్నాం. ఇప్పుడు రెండింటికీ వెంట్రుకవాసి తేడా. ఆ వెంట్రుకవాసి నాకు తెలుస్తుంది.

పెద్దాయన నా చేతికి ఒకే ఒక్క అధికారం ఇచ్చాడు. నా నాలుక ఒప్పుకోని సరుకు షాపులోకి రాకూడదు. ఫినాయిలు తప్ప అన్నీ నోట్లో వేసుకుని చూసినవాణ్ణి.

"నాకు తెలుస్తుంది బాబూ" అన్నాను.

"మీ ఒక్కరికి తెలిస్తే సరిపోతుందా అంకుల్?"

"మీ తాతగారు సరిపోతుందన్నారు."

"అయితే చూద్దాం. వచ్చే గురువారం రుచి గదిలో మూడు కప్పులు పెడతాం. ఇప్పటి మనది, కొత్త మిశ్రమం, ఎర్ర ప్యాకెట్టుది. ఇప్పటి మనది ఏదో మీరు చెప్పేస్తే కొత్తదాన్ని చెత్తబుట్టలో పారేస్తాను. చెప్పలేకపోతే ఇక నాలుక సంగతి ఎవరూ ఎత్తకూడదు."

"కళ్ళకు గంతలు కట్టినా చెబుతాను."

కొనుగోళ్ళు చూసే ఆయన పక్కనుంచి దగ్గి, "సార్, సోమవారం మీరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఇక్కడ..." అని ఏదో మొదలుపెట్టాడు. "ఆసుపత్రిలో ఉంది మా ఆవిడ, నా నాలుక కాదు" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన నోరు మూసుకున్నాడు.

6, గురువారం

ఏం రాయాలో తెలియడం లేదు.

ఆవిడకు ఆసుపత్రి టీ నచ్చడం లేదు, ఫ్లాస్కులో ఇంటి టీ పట్టుకెళ్దామనుకున్నాను. ఫ్లాస్కు అటక మీద ఉందని అమ్మ చెప్పింది. కదపొద్దంది కదా అనుకుంటూనే ఎక్కాను. ఫ్లాస్కు వెనక ఒక అట్టపెట్టె. అందులో ఎర్ర ప్యాకెట్టు. మూతి మడిచి, బట్టల క్లిప్పు పెట్టి ఉంది. సగం వాడారు. దాని కింద ఖాళీ ఎర్ర ప్యాకెట్లు నాలుగో ఐదో, ఇస్త్రీ చేసినట్టు మడతలు పెట్టి ఉన్నాయి. పక్కన గరాటు.

స్టూలు మీద అలాగే నిలబడిపోయాను. ఇది నా ఇల్లు. ఈ ఇంట్లోకి టీ అంటే తెల్ల ప్యాకెట్టే. గోడౌన్ నుంచి నేనే నెలనెలా తెస్తాను, ఆవిడ తెల్ల డబ్బాలో పోస్తుంది. ఎన్ని మీటింగుల్లో చెప్పుకున్నాను! "మా ఇంట్లో ఇంకో టీ లేదు, రోజూ పొద్దున మా ఆవిడ పెట్టే కప్పే నాకు పరీక్ష" అని గుండె మీద చెయ్యేసుకుని మరీ చెప్పానే!

దిగి, రెండు గిన్నెల్లో టీ కాచాను. డబ్బాలోది ఒకటి, ఎర్ర ప్యాకెట్టులోది ఒకటి. పాలు ఒకటే, చక్కెర ఒకటే. తాగాను. నీళ్ళు పుక్కిలించి మళ్ళీ తాగాను.

ఒకటే. వెంట్రుకవాసి కూడా తేడా లేదు. తెల్ల డబ్బాలో ఉన్నదీ, ఎర్ర ప్యాకెట్టులో ఉన్నదీ ఒకటే టీ.

అంటే గరాటు పెట్టి ఇందులోంచి అందులోకి పోస్తోంది. మరి నేను తెచ్చే టీ ఏం చేస్తోంది? పనమ్మాయికి ఇచ్చేస్తోందా? సింకులో పోసేస్తోందా?

ప్యాకెట్టు పట్టుకుని అమ్మ గదికి వెళ్ళాను. అమ్మ మా దగ్గరికి వచ్చి రెండేళ్ళు దాటింది. ఎనభై నిండినా కళ్ళజోడు పెట్టుకుని పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుతుంది, ఇంట్లో చీమ చిటుక్కుమన్నా తనకు తెలియాల్సిందే.

"అమ్మా, ఇదేమిటి?"

అమ్మ ప్యాకెట్టు చూసింది. మొహం మాడిపోయింది. "నాకేం తెలుసురా? వంటిల్లు నీ పెళ్ళానిది. దాన్నే అడుగు" అని పేపరు మొహానికి అడ్డం పెట్టుకుంది. పేపరు తలకిందులుగా ఉంది.

అమ్మకు కూడా తెలుసన్నమాట.

7, శుక్రవారం

అమ్మడికి ఫోన్ చేశాను. పిల్ల ఉద్యోగం చేసుకుంటూ వేరే ఊళ్ళో ఉంది. వాళ్ళమ్మ కాలు సంగతి అంతా మాట్లాడాక, ఏమీ ఎరగనట్టు, "అవునూ, అమ్మ ఎప్పుడైనా మన టీ డబ్బాలో ఎర్ర ప్యాకెట్టు పోసేదా?" అన్నాను.

అటునుంచి పకపకా నవ్వు. "అయ్యో నాన్నా! ఇప్పుడు తెలిసిందా నీకు? చిన్నప్పుడు గరాటు పట్టుకునేది నేనే కదా! నీకు చెబితే చాక్లెట్ కట్ అనేది అమ్మ."

నేనూ నవ్వాను. బాగా నవ్వాననే అనుకుంటున్నాను. ఫోన్ పెట్టేశాక వంటింట్లోకి వెళ్ళి తెల్ల డబ్బా మూత తీసి చూసి, మళ్ళీ పెట్టేశాను.

పిల్ల చిన్నప్పటి నుంచి. అంటే మొదటి నుంచి.

8, శనివారం

ఆసుపత్రికి వెళ్ళాను. యాపిల్ కోసి పెట్టాను. అడగలేదు.

9, ఆదివారం

అడగలేదు. డాక్టరు ఆవిడను కంగారు పెట్టొద్దన్నాడు. అందుకే అడగలేదు. అంతే తప్ప నాకేం భయం కాదు.

ఆవిడే చెబుతుందేమోనని చూస్తున్నాను. ఇవాళ "అటక ఎక్కలేదుగా?" అంది. "ఎక్కలేదు" అన్నాను. ఆవిడ హాయిగా నిట్టూర్చింది. ఇద్దరం ఇలా అబద్ధాలు చెప్పుకుంటూ కూర్చున్నాం, మధ్యలో యాపిల్ ముక్కలు.

తిరిగి వస్తూ ఆసుపత్రి పక్కనున్న మా బ్రాంచిలో తెల్ల ప్యాకెట్టు ఒకటి కొన్నాను. కౌంటర్లో అమ్మాయి నన్ను గుర్తుపట్టి లేచి నిలబడింది. "మీరు కొనడమేంటి సార్?" అంది. ఏం చెప్పను!

ఇంటికొచ్చి కాచాను. ఒక్క గుక్కకే గొంతు పట్టేసింది. వగరు తప్ప వాసన లేదు, రంగు తప్ప రుచి లేదు. రెండో గుక్క తాగడానికి మనసొప్పలేదు. వెంట్రుకవాసి తేడా అనుకున్నానే, ఇది వెంట్రుక కాదు, మోకు!

ఇదా మనది? ఇన్నేళ్ళూ జనానికి నేను పోసింది ఇదా? ఇంట్లో ఎర్ర ప్యాకెట్టు టీ తాగుతూ, అదే నా టీ అనుకుని మురిసిపోతూ, ఊరందరికీ దీన్ని అంటగట్టానా?

కప్పులో మిగిలింది సింకులో ఒంపేశాను. ఇక ఏమీ రాయలేను.

10, సోమవారం

కాసేపు తల పని చేసింది. గురువారం మూడు కప్పులు. నా నాలుకకు ఇంటి రుచే మనది అని అలవాటు చేసిందావిడ. ఆ అలవాటుతో వెళితే ఎర్ర ప్యాకెట్టు కప్పు పట్టుకుని ఇదే మనది అంటాను, పరువు గంగలో కలుస్తుంది. కాబట్టి ఇప్పుడైనా అసలు మనది ఎలా ఉంటుందో నేర్చుకోవాలి. మొదలుపెట్టినవాడే తన సరుకు రుచి కొత్తగా నేర్చుకోవాల్సి రావడం! నవ్వొస్తోంది, నవ్వలేకపోతున్నాను.

బ్రాంచిలో కొన్న ప్యాకెట్టే రోజంతా తాగుతున్నాను. అమ్మ ఒక గుక్క తాగి కప్పు కిటికీలో పెట్టేసింది.

బాగాలేకపోయినా అది మనది. స్లైడుల బాబు తెచ్చే కొత్త మిశ్రమం ఇంకెంత ఘోరంగా ఉంటుందో! దాన్ని ఆపాలంటే నేను గెలవాలి.

సాయంత్రం ఆ టీయే ఫ్లాస్కులో పోసి ఆవిడకు పట్టుకెళ్ళాను. కావాలనే పట్టుకెళ్ళాను. మొహం ఎలా పెడుతుందో చూడాలని.

ఒక గుక్క తాగింది. కనుబొమలు ముడిచింది. "ఇదేం టీ అండీ? ఎక్కడ కొన్నారు?"

"మన టీయే."

"కాదు. ఇది మన టీ కాదు."

ఎంత ధైర్యం! నా మొహం మీదే, కంటి రెప్ప వేయకుండా. మన టీ అంటే ఆవిడకు ఎర్ర ప్యాకెట్టన్నమాట. ఫ్లాస్కు మూత గట్టిగా బిగించి, "పడుకో" అని వచ్చేశాను.

11, మంగళవారం

ఆసుపత్రికి వెళ్ళలేదు. తలనొప్పని చెప్పాను. టీ తాగాను.

12, బుధవారం

టీ.

ఆ రుచి ఇప్పుడు బాగా పట్టుబడింది. గొంతులో గరగర, చివర్లో చేదు. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఎల్లుండి ఆవిడను ఇంటికి పంపుతారట.

13, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

రుచి గదికి కిటికీలు లేవు. అందులో మాటలుండవు, సెంటు రాసుకున్నవాళ్ళకు ప్రవేశం లేదు. అన్నీ తెల్ల కప్పులే. ప్రతి కప్పు అడుగున చిన్న కాగితం అంటించి, అందులో ఏముందో రాస్తారు. చెప్పాల్సింది చెప్పాక కప్పు తిరగేస్తారు. తిరగేశాక మాట మార్చకూడదు. ఈ పద్ధతులన్నీ నేను పెట్టినవే.

మొదటి కప్పు పెదవికి తగిలింది. అది మా ఇల్లు. మా వంటింట్లో పొద్దున వెలుతురు, ఆవిడ చెంచాతో గిన్నె అంచు మీద కొట్టే చప్పుడు, అన్నీ ఆ గుక్కలో ఉన్నాయి. ఇదే, ఇదే మనది అని నాలుక మొత్తుకుంది. నేను దాన్ని నమ్మలేదు. అది ఎర్ర ప్యాకెట్టని నాకు తెలుసు కదా!

రెండోది మొదటిదానికి తోబుట్టువులా ఉంది; కొత్త మిశ్రమం ఇంత బాగుంటుందా అని ఆగి ఆలోచించలేదు. మూడోది గొంతులో గరగరలాడింది, చివర్లో చేదు తగిలింది. నాలుగు రోజులుగా నేర్చుకున్న పాఠం.

"మూడోది" అన్నాను. "ఇదే ఇప్పటి మనది."

"ఆలోచించుకోండి అంకుల్" అన్నాడు ఎండీ. ఆ ఒక్క విషయంలో అతన్ని తప్పు పట్టలేను.

"ఆలోచించే చెప్పాను. తిరగేయండి."

కొనుగోళ్ళాయన మూడో కప్పులో మిగిలింది పారబోసి తిరగేశాడు. కాగితం మీద 'కొత్తది' అని ఉంది.

చదువుతున్నాను, బుర్రకెక్కడం లేదు. ఎండీ మొదటి కప్పు తనే తీసి తిరగేశాడు. 'ఇప్పటి మనది'.

ఆ తర్వాత చప్పట్లు. ఎండీయే కొట్టాడు. వెక్కిరింపుగా కాదు, నిజంగా సంతోషపడ్డాడు. "అంకుల్! మీ నాలుకే కొత్తదాన్ని మనది అందంటే ఇంకేం కావాలి? నేను చెప్పింది ఇదే కదా, తేడా తెలియదని!"

"నేను కొన్నాను" అన్నాను. "ఆసుపత్రి పక్క బ్రాంచిలో. తెల్ల ప్యాకెట్టు. ఇదే రుచి."

కొనుగోళ్ళాయన తల వంచుకున్నాడు. "సార్, ఆ బ్రాంచిలో మేడమ్ గారు పడిన సోమవారం నుంచే కొత్తది పెట్టాం. ట్రయల్ అని. ఆ బుధవారం మీటింగులో చెప్పబోయాను సార్. మీరే..."

నేనే చెప్పనివ్వలేదు. జోకు వేశాను. అందరూ నవ్వారు.

కారులో కూర్చున్నాక లెక్క వేసుకున్నాను. మొదటి కప్పు మనదైతే, ఇంటి డబ్బాలో ఉన్నది మనదే. మరి అటక మీది ఎర్ర ప్యాకెట్టులో అచ్చం అదే రుచి ఎలా వచ్చింది?

14, శుక్రవారం

ఆవిడ ఇంటికొచ్చింది. మంచం మీద దిండ్లు సర్ది, కాలు ఎత్తుగా పెట్టి, తలుపు వేసి, ఎర్ర ప్యాకెట్టు ఒళ్ళో పెట్టాను.

"ఎక్కారన్నమాట" అంది. ఆ తర్వాత నవ్వు ఆపుకోలేకపోయింది. "మెల్లిగా మాట్లాడండి. అత్తయ్య వింటుంది."

"అమ్మకేం సంబంధం?"

"ఇది అత్తయ్యదేనండీ. మన దగ్గరికి వచ్చిన కొత్తలో నన్ను పక్కకు పిలిచి, 'అమ్మాయ్, వాడికి చెప్పకు, బాధపడతాడు. వాడి టీ నా గొంతు దిగదు. నాకు ఎర్ర ప్యాకెట్టు తెప్పించు' అంది. ఒకసారి తెప్పించాను. అది అయిపోయాక ఆ ఖాళీ ప్యాకెట్టులో మన టీ పోసి, తన కళ్ళ ముందే క్లిప్పు తీసి, కాచి ఇచ్చాను. కప్పు ఖాళీ చేసి 'ఇదీ టీ అంటే!' అంది. రెండేళ్ళుగా అదే. ప్యాకెట్టు చిరిగితే పక్కింట్లో ఖాళీది అడిగి తెచ్చుకుంటాను."

గరాటు ఉంది, పోయడం ఉంది. పోసేది అటునుంచి ఇటు కాదు, ఇటునుంచి అటు.

"మరి అమ్మడు? చిన్నప్పుడు గరాటు పట్టుకున్నానంది."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. ప్యాకెట్టు మడతలు సరిచేస్తూ చెప్పింది.

"అది నిజమే. మీ మొదటి టీ గుర్తుందా? గోనెసంచి వాసన. మీరు ఇంటికి తెచ్చి, తాగి, మాట్లాడకుండా అలా కూర్చున్నారు. మర్నాడు పెద్దాయనకు చెప్పి మానేస్తానన్నారు. టీ ఒక్కటే కాదు, మొత్తం తెల్ల ప్యాకెట్లే మానేస్తానన్నారు. నాకు చూడబుద్ధి కాలేదు. పొద్దున్నే డబ్బాలో ఎర్ర ప్యాకెట్టు పోసి కాచి ఇచ్చాను. మీ మొహం వెలిగిపోయింది. 'ఈ డబ్బాలోది బాగా కుదిరింది, అంతా ఇలాగే కలపాలి' అని ఒక పొట్లం కట్టుకుని పరిగెత్తారు."

గుర్తుంది. ఆ పొట్లం టీ కలిపే ఆయన చేతిలో పెట్టి, దీనికి సరిపోయేదాకా నిద్రపోవద్దన్నాను. ఆయన నిద్రపోలేదు. నా టీ పుట్టింది ఆ పొట్లంలోంచి.

"అలా కొన్నాళ్ళు పోశాను. అమ్మడు హాస్టలుకు వెళ్ళిన ఏడాది ఒకరోజు ఎర్ర ప్యాకెట్టు అయిపోయింది, చూసుకోలేదు. మీరు తెచ్చిందే కాచాను. మీకు తెలియలేదు. నాకూ తెలియలేదు. రెండు కప్పులు పక్కపక్కన పెట్టుకుని తాగినా తెలియలేదు. ఆ రోజు నుంచి మానేశాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"మానేశానని చెప్పాలంటే పోశానని కూడా చెప్పాలిగా."

అప్పుడు గురువారం సంగతి చెప్పాను. బ్రాంచి ప్యాకెట్టు, మూడు కప్పులు, చప్పట్లు, అన్నీ. ఆవిడ వింటూ వింటూ లేచి కూర్చోబోయింది, కాలు నొప్పెట్టి మళ్ళీ పడుకుంది.

"ఆసుపత్రిలో చెప్పానుగా, ఇది మన టీ కాదని."

"చెప్పావు."

"మరి?"

ఏమంటాను? ఫ్లాస్కు మూత బిగించానంటానా?

"వారం పొడుగునా నా పక్కన కూర్చుని యాపిల్ ముక్కలు కోసి పెట్టారు. ఒక్క మాట అడగొచ్చుగా" అంది. గోడవైపు తిరిగింది. కాలు తిరగదు కాబట్టి తల మాత్రమే తిప్పింది.

15, శనివారం

ఇంట్లో మాటల్లేవు. ఆవిడ మాట్లాడుతోంది. నేనే మాట్లాడలేకపోతున్నాను.

17, సోమవారం

ఎండీ గదికి వెళ్ళి ఇంకోసారి కప్పులు పెట్టమన్నాను. ఇంటి సంగతంతా చెప్పాను, సిగ్గు విడిచి, గరాటుతో సహా. అతను స్లైడు వెయ్యలేదు. మొత్తం విన్నాడు. మంచినీళ్ళు ఇప్పించాడు.

"అంకుల్, మీ రూలే కదా. కప్పు తిరగేశాక మాట మార్చకూడదు."

ఒకటో తారీఖు నుంచి అన్ని బ్రాంచిల్లోనూ కొత్తదే. గోడౌన్‌లో పాతది మిగిలిందేమోనని అడిగాను. అంతా కొత్తదాంట్లో కలిపేశారట.

మెట్లు దిగుతుంటే తెల్ల ప్యాకెట్లు ట్రాలీ మీద పైకి వెళుతున్నాయి. పైపైన చూస్తే అవి నావే.

18, మంగళవారం

ఆవిడ "ఇలా కూర్చోండి" అని మంచం మీద చోటు చూపించింది. కూర్చున్నాను. చాలాసేపు ఏడ్చాను. ఆవిడ నా వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. తర్వాత "డబ్బాలో ఇంకెంత ఉంది?" అంది.

"అడుగున."

"జాగ్రత్తగా వాడదాం."

25, మంగళవారం

డబ్బా నిన్న అయిపోయింది. ఆఖరి కప్పు ఇద్దరం చెరిసగం తాగాం. బాగుంది. చాలా బాగుంది. ఇంత బాగుంటుందని ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా తీరిగ్గా తాగి చూడలేదేమో అనిపించింది.

ఇక అమ్మకు ఏం పోయాలన్నది సమస్య. కొత్త తెల్ల ప్యాకెట్టు అమ్మ ఇదివరకే కిటికీలో పెట్టేసింది. చేసేది లేక పొద్దున వీధి చివర వేరేవాళ్ళ షాపుకు వెళ్ళి, తల వంచుకుని, జీవితంలో మొదటిసారి మా ఇంటి కోసం ఎర్ర ప్యాకెట్టు కొన్నాను. అసలుసిసలైన ఎర్ర ప్యాకెట్టు. షాపతను నన్ను ఎరగడు, బతికిపోయాను.

ఆవిడ వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చుని చెబుతుంటే నేనే కాచాను. గరాటు అవసరం రాలేదు. అమ్మకు పట్టుకెళ్ళి ఇచ్చాను. ప్యాకెట్టు కూడా పక్కనే పెట్టాను, ఇక దాపరికం దేనికని. అమ్మ దాన్ని చూసి కాస్త సిగ్గుపడింది. "తెలిసిపోయిందా? ఏమీ అనుకోకురా" అంది. ఊదుకుంటూ తాగింది.

రెండో గుక్కకు ఆగింది. కప్పులోకి చూసింది.

"ఏమ్మా?"

"వీళ్ళు కూడా పాడు చేశార్రా. నిన్నమొన్నటి దాకా ఎంత బాగుండేది! ఇది ఆ టీ కాదు."

వంటింట్లో కుర్చీ కిర్రుమంది. ఆవిడ కూడా విన్నది.

అమ్మ ఇంకో గుక్క తాగి, ప్యాకెట్టు తిప్పి చూసి, అలా పక్కకు నెట్టేసింది. "దీనికి అంత డబ్బెందుకు దండగ! ఏదీ, రేపు నీ తెల్ల ప్యాకెట్టే పెట్టమను, తాగి చూస్తాను. ఇన్నాళ్ళూ నేనే దాన్ని చిన్నచూపు చూశానేమో."

సరేనన్నాను. కప్పు తీసుకుని వంటింట్లోకి వచ్చాను. తెల్ల డబ్బా కడిగి, గట్టు మీద బోర్లించి ఉంది.